ఎడమ చెప్పు

ఇటు బాల్టిక్ సముద్రం, అటు మంచినీటి మడుగు.
మధ్యలో లిథువేనియా చాచిన సన్నని ఇసుక నాలుక.
ఆ జూలైలో దాని మీద నాకు దొరికిన పని
కందిరీగల గుమ్మాలు లెక్కపెట్టడం.

"పుల్లలు పాతొద్దు, రాళ్ళు పెట్టొద్దు"
అంది స్కిర్మంతె. ఎందుకో చెప్పలేదు.

మొదటి రోజు నూట పన్నెండు అని రాశాను.
రెండో రోజు ఎనభై.
మూడో రోజు, మబ్బు పట్టిన పూట, ఒక్కటీ లేదు.
పుస్తకం వెనక్కిస్తూ నవ్వింది:
"ఉన్నాయి. తలుపులేసుకున్నాయి."

నిజమే. బయటికెళ్ళిన ప్రతిసారీ
ఇసుకతోనే తాళం వేసే ఇల్లాలు.
పసుపు చారల నడుము ఎత్తి దించుతూ
ముంగాళ్ళ ముళ్ళదువ్వెనతో వెనక్కి చిమ్ముతుంది,
కుక్కపిల్ల గుంట తవ్వినట్టే, ఇంకా తొందరగా.
అంతే. గడప లేదు.
పక్కింటి ఇసుకా తన ఇసుకా ఒకటే.
లోపల, జానెడు లోతున, చీకట్లో
ఒకే ఒక్క పిల్ల,
నోరు తప్ప ఇంకేమీ లేని పిల్ల.

దానికి రోజూ ఈగలు కావాలి.
పూల మీది ఈగ, గుర్రం మెడ మీది జోరీగ,
అన్సాస్ ముసలాయన పొగబెట్టే పాముచేపల చుట్టూ
ముసిరే నీలి ఈగ.
"జీతం అడక్కుండా నా దగ్గర పనిచేసేది
ఇదొక్కతే" అంటాడాయన, దగ్గుతూ.

ఈగను పొట్టకింద అదిమిపెట్టుకుని
నిటారుగా దిగుతుంది, లేని తలుపు మీదికి,
వెంట్రుకవాసి తేడా రాదు.
వెనకాలే అప్పులవాడిలా బూడిదరంగు చిన్న ఈగ,
ఇది ఆగితే ఆగుతుంది, కదిలితే కదులుతుంది.
తలుపు తెరిచిన ఆ క్షణంలో
తన పురుగునీ లోపలికి జారవిడవాలని.

తొమ్మిదో రోజు
చెప్పులు విప్పి బోర్లా పడుకున్నాను.
కట్టు తెగిన ఎడమ చెప్పు
నలభై ఒకటో ఇంటి పక్కన పడి ఉంది.
మధ్యాహ్నం లోపల ఆ తల్లి ఐదుసార్లు వచ్చి వెళ్ళింది.
లేచాను. తొడుక్కున్నాను. రొట్టె తినడానికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి గాలిలో గిరికీలు కొడుతోంది.
దిగుతుంది, గీకుతుంది. కాదు.
జానెడు అవతల గీకుతుంది. కాదు.
పొట్టకింద ఈగ అలాగే ఉంది, కాళ్ళు వేలాడేసుకుని.
చాలాసేపటికి గాని నాకు వెలగలేదు.
దాని వీధి మలుపు నా చెప్పే.
నేను దాని ఊరిని తొడుక్కుని వెళ్ళిపోయాను.

అంతకు ముందు సాయంత్రమే అన్సాస్
పొగగొట్టం కొనతో పెద్ద దిబ్బను చూపించాడు.
దాని కింద ఊరుందట, వాళ్ళ ముత్తాతలది.
అడవి నరికారు, ఇసుక లేచింది,
ఏటా కొన్ని అడుగులు నడిచింది,
కిటికీల దాకా, పొయ్యి గొట్టాల దాకా,
గంట వేలాడే దూలం దాకా.
మంచాలు పడవల్లో వేసుకుని జనం పక్కకి జరిగారు.
"మీ ఇల్లెక్కడో తెలుసా?"
"తెలియకేం" అన్నాడు. వేలు చాచాడు.
వేలు కాస్త అటు జరిగింది. కాస్త ఇటు.
తర్వాత చేపను తిరగేశాడు.

చెప్పు విప్పాను.
అది పడుకున్న గుంట గాలికి సగం పూడింది.
మడమ మడుగు వైపు, తెగిన కట్టు సముద్రం వైపు.
కాదు. ఇంకాస్త ఎడమకి.
దిగింది. గీకింది. ఇసుక లోపలికి కుంగింది.
తల, నడుము, చారలు, ఈగ రెక్క కొస...

ఆ నెలంతా పైన్ ముళ్ళ దారిలో
ఒంటి చెప్పుతో కుంటాను.
పుస్తకంలో నలభై ఒకటికి ఎదురుగా స్కిర్మంతె
ఏమీ అడగకుండా రాసింది: ఎడమ చెప్పు. ముట్టొద్దు.

ఆగస్టు చివర వానలు. ఎగిరేవన్నీ పోయాయి.
కింద పిల్ల మాత్రం ఇసుక రేణువుల్ని పట్టుతో అతికి
గూడు కట్టుకుని ఉంటుంది, మంచు కరిగే దాకా.
తల్లిని చూడదు.

బస్సెక్కే ముందు చెప్పు కోసం వెళ్ళాను.
సగం పైగా కూరుకుపోయింది, వేళ్ళ వైపు కొంచెమే పైకి.
వంగాను. మళ్ళీ లేచాను.
క్లైపెడాలో కొత్త జత కొనుక్కున్నాను.